అసిస్టెంట్ కోచ్ పనితనాన్ని అంచనా వేయడం ఎలా: డాంటే స్కార్నెక్కియా ఉదాహరణగా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో హెడ్ కోచ్‌ను బేరీజు వేయడానికి పెద్దగా శ్రమపడనక్కర లేదు. గెలుపోటములన్నీ ఆయన పేరు మీదే నమోదవుతాయి కాబట్టి, పదేళ్ళ పట్టిక ముందు పెట్టుకుంటే మంచిచెడ్డలు చాలావరకు అందులోనే కనిపిస్తాయి. అసిస్టెంట్ కోచ్ సంగతి అలా కాదు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉన్నవారికి సైతం అధికారిక రికార్డుల్లో ఒక్క గెలుపు గానీ, ఒక్క ఓటమి గానీ ఉండకపోవచ్చు. అలాంటి వ్యక్తి గురించి వ్యాసం రాయాలనుకునేవారు ఉండవచ్చు. డాలస్‌లోనో బోస్టన్‌లోనో స్థిరపడి, ఆదివారం వస్తే ఈ ఆట వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలు చూస్తూ, తమ జట్టు కొత్తగా నియమించుకున్న లైన్ కోచ్ ఏపాటివాడో తేల్చుకోవాలనుకునే తెలుగువారూ ఉండవచ్చు. ఇద్దరికీ ఎక్కడ వెతకాలో, దేనిని నమ్మాలో, దేనిని పక్కన పెట్టాలో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టులో 34 సీజన్లు పనిచేసిన డాంటే స్కార్నెక్కియాను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆయన కంటే పేరున్న అసిస్టెంట్లు లేకపోలేదు గానీ, ఒక అసిస్టెంట్ విలువను కొలిచే అవకాశం ఇంత స్పష్టంగా దొరికే సందర్భం మరొకటి నాకు కనిపించలేదు.

ముందుగా కోచింగ్ సిబ్బంది అంచెలు తెలియాలి. హెడ్ కోచ్ కింద ఎటాక్‌కు (ఆఫెన్స్), డిఫెన్స్‌కు, బంతిని తన్నే సందర్భాల్లో దిగే స్పెషల్ టీమ్స్‌కు ఒక్కొక్క కోఆర్డినేటర్ ఉంటారు. వారి కింద పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు, వాటిని అందుకునే రిసీవర్లకు, క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి ఎదుటివారిని అడ్డుకునే ఐదుగురి ఆఫెన్సివ్ లైన్‌కు, డిఫెన్స్‌లోని లైన్‌బ్యాకర్లకు, ఇలా ఒక్కొక్క స్థానానికి విడివిడిగా కోచ్‌లు ఉంటారు. అందరికంటే కింద వీడియోలు విడగొట్టి, లెక్కలు తయారుచేసే కుర్రకారు ఉంటారు. మనకు తెలిసిన క్రికెట్‌లో దీనికి దగ్గరగా ఉండేది ఫీల్డింగ్ కోచ్ పని. హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన ఆర్. శ్రీధర్ 2014 నుంచి 2021 వరకు భారత జట్టుకు ఫీల్డింగ్ కోచ్‌గా ఉన్నారు. ఆ కాలంలో జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందో చెప్పి ఆయన పనితనాన్ని తేల్చలేము. పట్టిన క్యాచ్‌లు, ఆపిన పరుగులు చూడాలి. ఫుట్‌బాల్‌లో స్థాన కోచ్‌ను అంచనా వేయడం కూడా అటువంటిదే. అయితే ఆఫెన్సివ్ లైన్ ఆటగాళ్ళ పేరు మీద నమోదయ్యే అంకెలు దాదాపు ఏమీ ఉండవు గనుక, వారి కోచ్‌ను అంచనా వేయడం మరింత కష్టం.

మొదటి పని, సంవత్సరాల వారీగా ఒక పట్టిక తయారుచేసుకోవడం. జట్లు ఏటా వెలువరించే మీడియా గైడ్లలో కోచ్‌ల వివరాలు ఉంటాయి. సంవత్సరం, జట్టు, హోదా అనే మూడు గళ్ళతో ఆగకుండా నాలుగో గడిలో ఆనాటి హెడ్ కోచ్ పేరు తప్పకుండా రాయాలి. అసలు కథ ఎక్కువగా తెలిసేది ఆ నాలుగో గడిలోనే. ఎందుకంటే ఈ వృత్తిలో హెడ్ కోచ్‌ను తొలగిస్తే ఆయన తెచ్చుకున్న సిబ్బంది కూడా సాధారణంగా మూటాముల్లె సర్దుకోవలసిందే. కొత్తగా వచ్చినవాడు తన మనుషులను తెచ్చుకుంటాడు.

స్కార్నెక్కియా పట్టిక చూడండి. 1948లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టి, కాలిఫోర్నియా వెస్టర్న్ కళాశాలకు లైన్‌లో ఆడి, అక్కడే కోచింగ్ మొదలుపెట్టి, ఆ తర్వాత దాదాపు పదేళ్ళు అయోవా స్టేట్, సదరన్ మెథడిస్ట్ వంటి కళాశాల జట్ల మధ్య తిరిగారు. సదరన్ మెథడిస్ట్ హెడ్ కోచ్ రాన్ మేయర్‌ను 1982లో పేట్రియాట్స్ తీసుకున్నప్పుడు ఆయనతో పాటు స్కార్నెక్కియా కూడా వచ్చారు. 1984 సీజన్ నడుమ మేయర్‌ను తొలగించి రేమండ్ బెర్రీని నియమించారు. స్కార్నెక్కియా మాత్రం కదలలేదు. 1989, 1990 సీజన్లలో ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు వెళ్ళారు. అక్కడ అప్పటి హెడ్ కోచ్ ఎవరంటే మళ్ళీ రాన్ మేయరే. 1991లో డిక్ మాక్‌ఫర్సన్ హయాంలో పేట్రియాట్స్‌కు తిరిగివచ్చారు. ఆ తర్వాత 1993లో బిల్ పార్సెల్స్, 1997లో పీట్ క్యారల్, 2000లో బిల్ బెలిచిక్ వచ్చారు. ఒకరి పద్ధతికి మరొకరి పద్ధతికి పొంతన లేని ఈ ముగ్గురూ ఆయనను ఉంచుకున్నారు.

ఈ పట్టికలో రెండు విషయాలు వేరు చేసి చదవాలి. మేయర్ వెంట రావడం, మళ్ళీ మేయర్ దగ్గరకు వెళ్ళడం పరిచయం వల్ల జరిగినవి. ఈ లీగ్‌లో ఉద్యోగాలు ఎక్కువగా దొరికేది అలాగే, అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు, కానీ దానిని ప్రతిభకు రుజువుగా చూపకూడదు. ఏ పరిచయమూ లేని కొత్త హెడ్ కోచ్, తన మనిషిని తెచ్చుకునే అధికారం ఉండి కూడా, పాతవాడిని ఉంచుకున్నాడంటే అది బలమైన సాక్ష్యం. పార్సెల్స్ వంటి మొహమాటం లేని మనిషి ఉంచుకున్నాడంటే మరీను. మీరు పరిశీలిస్తున్న కోచ్ ఎవరైనా, ఇటువంటి సందర్భాలు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కించండి.

హోదాల గడిని కొంత అనుమానంతోనే చదవాలి. స్కార్నెక్కియా స్పెషల్ టీమ్స్, టైట్ ఎండ్‌లు, డిఫెన్స్ సహాయకుడు, ఆఫెన్సివ్ లైన్ అంటూ ఆటలోని మూడు విభాగాల్లోనూ పనిచేశారు. లైన్ కోచ్‌గా ఆయనకు పేరు తెచ్చిన కాలం 1999 తర్వాతే, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టిన పదిహేడేళ్ళకు, మొదలైంది. పై చూపుకు స్థిరం లేని ఉద్యోగంలా కనిపించే ఆ తొలి దశను చాలామంది రెండు వాక్యాల్లో దాటవేస్తారు. అది పొరపాటు. ఎదుటి డిఫెన్స్ ఎలా ఆలోచిస్తుందో అటువైపు కూర్చుని నేర్చుకున్నవాడు లైన్‌కు పాఠం చెప్పడం వేరు, లైన్ తప్ప మరొకటి ఎరుగనివాడు చెప్పడం వేరు. మరోవైపు, 2000 తర్వాత ఆయన పేరు పక్కన కనిపించే ‘అసిస్టెంట్ హెడ్ కోచ్’ అనే బిరుదు వంటి వాటికి అతిగా ప్రాధాన్యం ఇవ్వనక్కర లేదు. ఈ లీగ్‌లో అలాంటి హోదాలను జీతం పెంచడానికో, సీనియారిటీని గుర్తించడానికో, వేరే జట్టు ఎగరేసుకుపోకుండా నిలుపుకోవడానికో ఇస్తూ ఉంటారు. రోజువారీ పని మారకపోవచ్చు.

రికార్డులు దాచేసే విషయాలు కూడా కొన్ని ఉంటాయి. 1992 సీజన్ నడుమ మాక్‌ఫర్సన్ అనారోగ్యంతో ఆసుపత్రిలో చేరినప్పుడు జట్టును నడిపినది స్కార్నెక్కియాయే. ఆ ఏడాది పేట్రియాట్స్ గెలిచినవి రెండు, ఓడినవి 14. ఆ అంకెలన్నీ మాక్‌ఫర్సన్ ఖాతాలోనే చేరి, ఆయన రెండేళ్ళ లెక్క 8 గెలుపులు, 24 ఓటములుగా మిగిలింది. కాబట్టి పట్టికలో లేనిదాని కోసం ఆనాటి పత్రికలు తిరగేయక తప్పదు. సీజన్ పేరుతో పాటు ‘తాత్కాలిక’ అనే మాట కలిపి వెతికితే ఇటువంటివి బయటపడతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన దశకు వద్దాం. స్థాన కోచ్‌కు నిజమైన పట్టిక ఆయన చేతికి వచ్చిన ఆటగాళ్ళు. ప్రతి ఆటగాడి విషయంలోనూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: వచ్చేటప్పుడు లీగ్ అతనికి కట్టిన వెల ఎంత, ఈ కోచ్ దగ్గర ఏ స్థాయికి చేరాడు, విడిచి వెళ్ళాక ఏమయ్యాడు? మొదటి ప్రశ్నకు జవాబు డ్రాఫ్ట్‌లో, అంటే కళాశాల ఆటగాళ్ళను జట్లు రౌండ్ల వారీగా వంతులేసుకుని ఎంచుకునే వార్షిక కార్యక్రమంలో, దొరుకుతుంది. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడు రాణిస్తే కోచ్‌కు దక్కే వాటా తక్కువ. ఎవరూ ఎంచుకోనివాడు రాణిస్తే ఎక్కువ.

2003 సీజన్ సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, పేట్రియాట్స్ 32-29తో కరోలినా పాంథర్స్‌ను ఓడించింది. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ముందు నిలబడిన ఐదుగురిని చూడండి: నడుమ సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు. లెఫ్ట్ టాకిల్ మ్యాట్ లైట్ ఒక్కడే రెండో రౌండ్ ఎంపిక. సెంటర్ డాన్ కాపెన్ ఐదో రౌండ్‌లో వచ్చిన కొత్త కుర్రాడు. గార్డ్ రస్ హాక్‌స్టీన్‌ను ఐదో రౌండ్‌లో ఎంచుకున్న టాంపా బే వదిలేసింది. మరో గార్డ్ జో ఆండ్రూజీని, రైట్ టాకిల్ టామ్ ఆష్‌వర్త్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ అడగనే లేదు. ఎదురుగా ఉన్నది ఆనాడు అందరూ భయపడిన డిఫెన్సివ్ లైన్. బ్రేడీ ఆ రోజు 48 పాస్‌లు విసిరాడు. ఒక్కసారి కూడా సాక్ కాలేదు, అంటే బంతి చేతిలో ఉండగా వెనుక ఎవరూ పడగొట్టలేకపోయారు. ఆఫెన్సివ్ లైన్ కోచ్ గురించి పొగడ్తలతో నాలుగు పేజీలు రాసేకంటే ఈ ఒక్క ఆటను వివరించడం మేలని నా అభిప్రాయం.

అంతకంటే విచిత్రమైన ఉదాహరణ స్టీఫెన్ నీల్. 1999లో ప్రపంచ కుస్తీ చాంపియన్ అయిన నీల్, కళాశాలలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. అతనిని గార్డ్‌గా తయారుచేస్తే, 2004 సీజన్ సూపర్ బౌల్‌లో మొదటి వరుసలో ఆడి గెలిచాడు. కుస్తీ పట్టు తెలిసినవాడికి ఎదుటివాడి బరువును ఎలా వాడుకోవాలో తెలుసు కదా అనవచ్చు. తెలుసు, కానీ పక్కన ఉన్న నలుగురితో కలిసి ఒకేసారి కదలడం, క్షణంలో పిలుపు విని పని మార్చుకోవడం కుస్తీ గోదాలో ఉండవు. అవి ఎవరో కూర్చోబెట్టి నేర్పవలసినవే.

మూడో ప్రశ్నకు డబ్బు లెక్కలు ఉపయోగపడతాయి. 2018లో లెఫ్ట్ టాకిల్ నేట్ సోల్డర్ నాలుగేళ్ళకు 6.2 కోట్ల డాలర్ల ఒప్పందంతో న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్ళిపోయాడు. అతని చోటుకు డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాడు సీజన్ మొదలు కాకముందే గాయపడటంతో, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన ట్రెంట్ బ్రౌన్‌ను అక్కడ నిలబెట్టారు. బ్రౌన్ అంతకుముందు ఎక్కువగా రైట్ టాకిల్. ఒక్క సీజన్ స్కార్నెక్కియా దగ్గర ఆడి, సూపర్ బౌల్ గెలిచి, రైడర్స్‌తో నాలుగేళ్ళకు 6.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆ నాలుగేళ్ళు అక్కడ పూర్తి కాలేదు. 2021లో రైడర్స్ అతనిని మళ్ళీ పేట్రియాట్స్‌కే ఇచ్చేసింది. సోల్డర్ కూడా జెయింట్స్‌లో తన ఒప్పందానికి తగిన పేరు తెచ్చుకోలేకపోయాడు. ఇలాంటివి ఒకటి రెండైతే కాకతాళీయం అనుకోవచ్చు. పదిహేను, ఇరవై మంది పేర్లతో జాబితా రాసి చూసినప్పుడే ధోరణి తెలుస్తుంది. జాబితాలో విఫలమైనవారిని కూడా రాయాలని వేరే చెప్పనక్కర లేదు గానీ, చాలామంది రాయరు.

ఇక అరుదుగా దొరికే పరీక్ష ఒకటి ఉంది: కోచ్ లేని కాలం. స్కార్నెక్కియా 2013 సీజన్ తర్వాత ఉద్యోగ విరమణ చేశారు. 2016 జనవరిలో డెన్వర్‌లో జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో (సూపర్ బౌల్‌కు ముందు మెట్టు) పేట్రియాట్స్ 20-18తో ఓడింది. ఆ ఆట పొడుగునా డెన్వర్ డిఫెన్స్ ఆటగాడు వాన్ మిల్లర్, అతని సహచరులు బ్రేడీని వదలకుండా పడగొడుతూనే ఉన్నారు. ఆ వెంటనే అప్పటి లైన్ కోచ్‌ను తొలగించారు. ఫిబ్రవరిలో, దాదాపు 68 ఏళ్ళ వయసులో, స్కార్నెక్కియా తిరిగివచ్చారు. 2015 సీజన్‌లో బ్రేడీ 38 సార్లు సాక్ అయితే, 2016లో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు ఆడినా జట్టు మొత్తానికి సాక్‌లు 24. 2015లో విమర్శలన్నీ మూటగట్టుకున్న రైట్ టాకిల్ మార్కస్ కానన్, 2016లో ఆ ఏటి మేటి ఆటగాళ్ళ ఎంపిక అయిన ఆల్-ప్రోలో రెండో జట్టుకు ఎంపికయ్యాడు. ఆ సీజన్ చివర సూపర్ బౌల్‌లో అట్లాంటా చేతిలో 28-3తో వెనుకబడి, 34-28తో గెలిచిన సంగతి ఫుట్‌బాల్ అంతగా చూడనివారికి కూడా తెలిసిందే.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ఆయన లేని 2014లో పేట్రియాట్స్ సూపర్ బౌల్ గెలిచింది. 2015లో సోల్డర్ సహా లైన్ ఆటగాళ్ళను గాయాలు వెంటాడాయి. 2016లో దాదాపు అవే ఐదు ముఖాలు సీజన్ అంతా కలిసి ఆడాయి, పైగా మూడో రౌండ్‌లో వచ్చిన జో థూనీ మొదటి ఏడాదే అన్ని ఆటల్లోనూ ఆరంభం నుంచి బరిలో ఉన్నాడు. కాబట్టి 38కీ 24కీ ఉన్న తేడా మొత్తాన్ని కోచ్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. బంతిని త్వరగా వదిలే క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టులో లైన్ పని సులువవుతుందన్న వాదనను కూడా కొట్టిపారేయలేము. అయితే అదే బ్రేడీ 2015లోనూ ఉన్నాడు కదా! ఒక అంకెతో తీర్పు చెప్పకుండా, సాక్‌లు, గాయాలు, కలిసి ఆడిన ఆటల సంఖ్య పక్కపక్కన పెట్టి, ఏది దేనివల్ల జరిగి ఉండవచ్చో వాక్యాలుగా రాసుకోవడం సరైన పద్ధతి. ఈ మూడూ చూశాక కూడా కానన్ మార్పుకు కోచ్ తప్ప మరో కారణం నాకు తోచలేదు.

అంకెల తర్వాత కళ్ళకు పని చెప్పాలి. టీవీ ప్రసారం బంతి వెంట పరుగెడుతుంది కాబట్టి, మైదానంలోని 22 మందీ కనిపించే ఆల్-22 వీడియో దొరికితే అది చూడండి. బంతిని పూర్తిగా మరచిపోయి టాకిల్ ఒక్కడినే చూడండి. స్నాప్ పడగానే, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించగానే, బయటి కాలు వెనక్కి, వాలుగా జారుతుంది. లోపలి కాలు దాని వెంట వస్తుంది గానీ రెండు పాదాలూ ఎప్పుడూ దగ్గరగా చేరవు. నడుము కిందికి, వీపు నిటారుగా, చేతులు ఎదుటివాడి భుజాల బయటికి కాకుండా ఛాతీ మీదికి. చేతులు బయటికి పోతే పట్టుకున్నట్టు లెక్కకట్టే అవకాశం ఎక్కువ, అందుకు పది గజాల జరిమానా. మంచి కోచ్ ఉన్న లైన్‌లో ఈ నాలుగైదు కదలికలు ఐదుగురిలోనూ ఒకేలా ఉంటాయి, నాలుగో క్వార్టర్‌లో అలసిపోయాక కూడా చెదరవు. స్కార్నెక్కియా శిక్షణ గురించి ఆయన ఆటగాళ్ళు పదేపదే చెప్పేది ఇదే: కొత్త కిటుకులు కాదు, అవే ప్రాథమిక కసరత్తులు, ఊపిరి సలపనివ్వనంత సార్లు.

తర్వాత ఇద్దరిని కలిపి చూడాలి. డిఫెన్స్ ఆటగాళ్ళు ఇద్దరు ఒకరి వెనుక ఒకరు దారులు మార్చుకుంటూ దూసుకొచ్చినప్పుడు, గార్డ్, టాకిల్ తమ మనిషిని ఒకరికొకరు అప్పగించుకోవాలి. ఇద్దరూ ఒకడి వెంటే పడితే రెండోవాడికి నేరుగా క్వార్టర్‌బ్యాక్ దొరుకుతాడు. తప్పు జరిగినప్పుడు అది బలం చాలక జరిగిందా, అప్పగింత కుదరక జరిగిందా అన్నది చూడండి. రెండోదానికి బాధ్యత చాలావరకు కోచ్‌దే. ఈ పరిశీలనకు 2018 సీజన్ సూపర్ బౌల్ మంచి పాఠం. రామ్స్ జట్టు తరఫున ఆ సీజన్‌లో 20.5 సాక్‌లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచిన ఆరన్ డొనాల్డ్ ఎదురుగా ఉన్నాడు. థూనీ, సెంటర్ డేవిడ్ ఆండ్రూస్ అతని చుట్టూ ఎలా కదిలారో, ఎప్పుడు ఇద్దరుగా అడ్డుకున్నారో, ఎప్పుడు ఒకరే నిలబడి రెండోవాడిని వేరే పనికి వదిలారో చూడండి. డొనాల్డ్‌కు ఆ ఆటలో సాక్ దక్కలేదు. 13-3తో ముగిసిన ఆ ఆటను చాలామంది నీరసమైన ఫైనల్ అన్నారు. లైన్ ఆట చూడటం తెలిసినవారికి అలా అనిపించదు.

సూపర్ బౌల్ గెలిచినవారికి ఇచ్చే ఉంగరాల లెక్కతో అసిస్టెంట్‌ను కొలవడం అలవాటుగా మారింది. స్కార్నెక్కియాకు ఐదు ఉన్నాయి. 2019 వరకు పేట్రియాట్స్ ఆడిన 11 సూపర్ బౌల్స్‌లో పదింటికి ఆయన సిబ్బందిలో ఉన్నారు. కానీ అదే సిబ్బందిలో పనిచేసి ఉంగరాలు తెచ్చుకుని, వేరే జట్టుకు వెళ్ళి ఏమీ సాధించలేని కోచ్‌లు కూడా ఉన్నారు. ఉంగరం జట్టుది.

అలాగే, హెడ్ కోచ్ కాలేదు కాబట్టి ఏదో వెలితి ఉందని అనుకోవడం కూడా పొరపాటే. ఆ అవకాశం కోరుకోనివారు, కోరుకున్నా రానివారు అని రెండు రకాల వారిని విడదీయాలి. రెండో రకానికి జిమ్మీ రే కథ చదవాలి. మిచిగన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన ఈ నల్లజాతి కోచ్, 1970ల చివరి నుంచి దశాబ్దాల పాటు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పనిచేసి, పలు జట్లలో ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా ఉండి కూడా హెడ్ కోచ్ కాలేదు. హెడ్ కోచ్ పదవికి మైనారిటీ అభ్యర్థిని కూడా ఇంటర్వ్యూ చేయాలన్న రూనీ నిబంధన 2003లో గానీ రాలేదు. ఒకే జట్టులో నిలిచినవాడి పట్టికను, పది ఊళ్ళు తిరిగినవాడి పట్టికను ఒకే కొలతతో చదవడం అన్యాయం. ఇంకా, ఉద్యోగ విరమణ తేదీ వెనుక కారణం వెతకండి. 2009లో లీగ్ యజమానులు కోచ్‌ల పెన్షన్ పథకాన్ని జట్ల ఇష్టానికి వదిలేసినప్పుడు, కోల్ట్స్‌లో హోవర్డ్ మడ్, టామ్ మూర్ వంటి పెద్దలు తమ పెన్షన్ కాపాడుకోవడానికి విరమణ పత్రాలు ఇచ్చి, తర్వాత సలహాదారులుగా వచ్చి అదే పని కొనసాగించారు. పట్టిక మాత్రమే చూసినవారు వారు అలసిపోయి తప్పుకున్నారని రాస్తారు.

చివరిగా, గుర్తింపు సంగతి. స్కార్నెక్కియా 2019 సీజన్ ముగిశాక, 2020 జనవరిలో రెండోసారి విరమించారు; 2023లో పేట్రియాట్స్ తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చింది. కాంటన్‌లోని ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అసిస్టెంట్లకు ప్రత్యేక విభాగం లేదు. 2022 నుంచి అసిస్టెంట్ కోచ్‌లకు, ఆటగాళ్ళ గాయాలు చూసే ట్రైనర్లకు, సామగ్రి చూసేవారికి విడిగా ఒక పురస్కారం ఇస్తున్నారు గానీ, కంచు విగ్రహం మాత్రం ఉండదు. మీరు పరిశీలిస్తున్న కోచ్‌కు అటువంటి గౌరవం దక్కి ఉంటే, ఆ సందర్భంగా పాత ఆటగాళ్ళు ఇచ్చిన ప్రసంగాలు, ఇంటర్వ్యూలు సంపాదించండి. వాటిలో పొగడ్తలు వదిలేసి, కోచ్ ఏం నేర్పాడో పేరుపెట్టి చెప్పిన వాక్యాలను మాత్రమే విడిగా రాసుకుని, పాదాల కదలికో, చేతుల పట్టో, అప్పగింతో ఏది చెప్పారో దానిని ఆ ఏడాది వీడియోలో వెతికి సరిచూడండి.